వంతు నీళ్ళు

నా గుండె ముప్పై శాతమే తోడుతోందట.
శ్రీకాకుళంలో డాక్టరమ్మ తెరమీద చూపించింది,
బూడిదరంగు నీళ్ళలో ఒక తలుపు
తెరుచుకోవడం, సగమే మూసుకోవడం.
నాకు నవ్వొచ్చింది.
ఆమెకేం తెలుసు,
వంశధార ఎడమ కాలవ మీద
ముప్పైయొక్క ఏళ్ళు లస్కరుగా చేశానని,
సగమే మూసుకునే తలుపులతో
నా బతుకంతా గడిచిందని.

రోజుకి లీటరున్నరే తాగాలంది.
ఊళ్ళకి ఊళ్ళకే నీళ్ళు కొలిచి వదిలినవాడికి
ఇప్పుడు దాలమ్మ స్టీలు గ్లాసుతో కొలిచి పోస్తోంది.
పొద్దున్న రెండు, మధ్యాన్నం రెండు,
రాత్రికి ఒకటి, మందులకి అర.
చోడంబలి కూడా లెక్కలోకే వస్తుందట.
ఇంకో గుక్క పొయ్యమంటే
"నీ వంతు అయిపోనాది" అంటుంది
మొహం పక్కకి తిప్పుకుని,
అచ్చం నేను జలుమూరు రైతులతో అన్నట్టే.

ఉప్పు లేదు.
పక్కింటి నుంచి ఎండుచేపల పులుసు వాసనొస్తే
కిటికీ వేసుకోవడమే.
ఒకసారి దొంగతనంగా నాలుగు మెత్తళ్ళు తిన్నాను.
మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను.
ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

నీళ్ళు చివరిదాకా రావడం లేదని
టెక్కలి దిగువ రైతులు నన్ను తిట్టని తిట్టు లేదు.
నా ఒంట్లో అది తిరగబడింది,
ఇక్కడ చివరి భూములే ముంపు.
పాదం మీద వేలితో నొక్కితే
పడిన గుంట ఎంతకీ పూడదు,
దమ్ము చేసిన మడిలో ఎద్దు అడుగులా.
పొద్దున్నే వేసుకునే చిన్న తెల్ల మాత్ర, అదే మురుగు కాలవ.
పదింటిదాకా పెరట్లోకి పరిగెత్తిస్తుంది.

మొదటి ఏడాదంతా కోపంతోనే పోయింది.
కూర్చోవడం కూడా ఒక పనేనని
మాకెవరూ నేర్పలేదు.
మా అయ్య ఊరికే కూర్చోగా
ఒక్కసారే చూశాను,
మా అమ్మ పోయిన రోజు.

"కూకో" అంటుంది దాలమ్మ
రోజుకి నలభైసార్లు.
కొన్నిసార్లు కుక్కని గద్దించినట్టు.
కొన్నిసార్లు
చుట్టానికి పీట వాల్చినట్టు.

మొన్న శ్రావణంలో, రాత్రి రెండింటికి ఫోను.
కొత్త లస్కరు, కుర్రాడు, ఢిల్లేశు.
నాకంటే ఎక్కువ ఆయాసపడుతున్నాడు.
"మావా, మూడో తూము తలుపు పట్టేసినాది,
చక్రం తిరగనేదు,
ఎగువన నీరు పెరిగిపోతన్నాది."

మూడు తలగడల మీంచి లేచాను.
లుంగీ బిగించాను.
టార్చిలైటు కోసం తడుముకుంటూ
గోడ పట్టుకుని నాలుగడుగులు వేశానో లేదో
డీజిలు అయిపోయిన ఇంజనులా
గుండె రెండుసార్లు దగ్గి, ఆగి,
మళ్ళీ అందుకుంది.
దాలమ్మ మెలకువగానే ఉంది, చీకట్లోంచి చూస్తోంది.
ఆ ఒక్కసారి
కూకో అనలేదు.

నాకు నేనే కూర్చున్నాను, గడప మీద.
"ఒరే, బలం పెట్టకు" అన్నాను ఫోనులో.
"చక్రం పావు చుట్టు ఎనక్కి తిప్పు.
కింద దుంగో తుక్కో ఇరుక్కుంటాది.
నీరే దాన్ని కదుపుతాది. ఒగ్గేయ్.
గట్టుమీద కూకో."
"ఎంతసేపు మావా?"
"నీరే సెప్తాది."

ఫోను కట్టెయ్యడం ఇద్దరమూ మరిచిపోయాం.
అటు గట్టుమీద వాడు, ఇటు గడప మీద నేను,
మధ్యలో కాలవ.
కప్పలు. తూము గొంతులో గురగుర.
ఎక్కడో కొమ్మ విరిగినట్టు చప్పుడు,
వాడి దగ్గు.
చెవి నిండా నీళ్ళు,
దాలమ్మ లెక్కలోకి రాని నీళ్ళు,
ఎంత తాగినా పాదాల్లోకి దిగని నీళ్ళు.
భుజాలు ఎప్పుడు జారాయో తెలీదు.
ముప్పైయొక్క ఏళ్ళు ఆ నీళ్ళ పక్కనే ఉన్నాను,
విన్నది మాత్రం ఆ రాత్రే.

తెల్లారేసరికి ఫోను ఆరిపోయి ఉంది.
తల గుమ్మానికి ఆనించి నిద్రపోయానట.
నా మీద దాలమ్మ దుప్పటి.
తూకం వేస్తే అరకిలో తగ్గాను.
మూడో తూము ఏమైందో అడగాలని
మధ్యాన్నం దాకా
తోచనే లేదు.